కూపేకి డిక్కీయా, హ్యాచా? రెండూ వాడిన సౌండ్ రికార్డిస్ట్ అనుభవం

స్పోర్ట్స్ కూపే, అంటే పైకప్పు వెనక్కి వాలే రెండు తలుపుల కారు, కొనబోయే ఎవరినైనా కదిపి చూడండి. ఇంజన్, గేర్‌బాక్స్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, అన్నీ కంఠతా చెబుతారు. వెనక తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందని అడిగితే మాత్రం తడుముకుంటారు. ఆ కారుతోనే రోజూ పనికి వెళ్ళేవాళ్ళకి ఈ ప్రశ్న ఇంజన్ ప్రశ్న కన్నా చిన్నదేమీ కాదు.

నేను సౌండ్ రికార్డిస్ట్‌ని. షూటింగులకీ కచేరీలకీ వెళ్తుంటాను. వెంట రెండు గట్టి ప్లాస్టిక్ పెట్టెలు, మైక్ స్టాండ్ల సంచి, మైకు తగిలించే పొడవాటి బూమ్ పోల్, కేబుళ్ళ చుట్టలు, బ్యాటరీల బ్యాగు ఉంటాయి. ఈ సామానుకి వ్యాన్ కొనుక్కోమని తెలిసినవాళ్ళంతా చెప్పారు. కానీ నాకు కూపే అంటే ప్రాణం. పొడవాటి బానెట్, నేలకి దగ్గరగా ఉండే సీటు, వెనక చక్రాలు బండిని తోసే తీరు, వీటిని వదులుకోవడం నా వల్ల కాదు. మొదట డిక్కీ ఉన్న, అంటే వెనక అద్దం కదలకుండా కింది మూత మాత్రమే లేచే, నాలుగు సీట్ల కూపే నడిపాను. ఇప్పుడు హ్యాచ్ ఉన్న, అంటే వెనక తలుపు అద్దంతో సహా లేచే, రెండు సీట్లది నడుపుతున్నాను. పాతది అన్నయ్య తీసుకున్నాడు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు నాకు ఇప్పటికీ ఉంది. నా కార్ల పేర్లు ఇక్కడ రాయను. ఇది వెనక తలుపు గురించిన రివ్యూ, ఏదో ఒక కంపెనీ గురించి కాదు.

ముందు డిక్కీ సంగతి చూద్దాం. కూపేలో పైకప్పు వెనక్కి బాగా వాలుతుంది. వెనక అద్దం చాలా దూరం వరకు వచ్చేస్తుంది. ఆ అద్దానికీ బంపర్‌కీ మధ్య మిగిలిన కాస్త జాగాలోనే డిక్కీ మూత పెట్టాలి. పైగా రెండు పక్కలా లైట్లు లోపలికి చొచ్చుకొస్తాయి, కింద బంపర్ అంచు ఎత్తుగా ఉంటుంది. చివరికి మిగిలేది పోస్ట్ బాక్సు నోరు లాంటి సందు. నా పెద్ద పెట్టె లోపల హాయిగా పడుతుంది, టేపు పెట్టి కొలిచాను కూడా. ఆ సందులోంచి దూరదు, అంతే. దాంతో పెట్టెని ముందు తలుపులోంచి వెనక సీటు మీదకి తోసేవాణ్ణి. సీటు ముందుకి వంచి, నడుం వంచి, పెట్టె మూలలు తలుపు ప్లాస్టిక్‌కి గీసుకోకుండా చూసుకుంటూ చేసే ఆ పని ప్రతి షూటింగుకీ రెండుసార్లు, ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి.

కొన్ని డిక్కీల్లో ఇంకో తంటా ఉంటుంది. మూతని పట్టుకునే వంకీ ఇనుప చేతులు, మూత వేసేటప్పుడు డిక్కీ లోపలికి దిగుతాయి. అవి దిగే చోట సామాను పెట్టకూడదు. మెత్తని సంచి అయితే నలుగుతుంది, గట్టి పెట్టె అయితే మూత పడదు. బ్రోషర్‌లో లీటర్లు లెక్కపెట్టి కొన్నవాళ్ళకి ఇది ముందుగా తెలియదు.

లీటర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. యూరప్ కార్లకి వాడే వీడీఏ (జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం) కొలతలో 200 × 100 × 50 మిల్లీమీటర్ల దిమ్మెలు పేర్చి ఎన్ని పట్టాయో లెక్కిస్తారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. ఆ దిమ్మె ఒక చేత్తో పట్టుకునేంత చిన్నది, ఏ సందులోంచి అయినా దూరుతుంది, ఏ మూలలో అయినా ఒదుగుతుంది. మన సూట్‌కేసు అలా ఒదగదు. ఈ లెక్కల్లో డిక్కీ ఉన్న బీఎండబ్ల్యూ 2 సిరీస్ కూపేకి 390 లీటర్లు. హ్యాచ్ ఉన్న మూడో తరం ఆడి టీటీకి 305, 2019లో వచ్చిన టొయోటా సుప్రాకి 290. డిక్కీ ఉన్న టొయోటా జీఆర్86కి 226. కాగితం మీద చూస్తే 2 సిరీస్‌దే పైచేయి. కానీ టీటీ వెనక సీట్లు పడుకోబెడితే 712 లీటర్లు అవుతుంది, ఆ చోటంతా పైనుంచి బార్లా తెరుచుకుంటుంది. అంకెల్లో ఈ బార్లా తెరుచుకోవడం కనిపించదు. 2016లో వచ్చిన ఆరో తరం షెవర్లే కమారో డిక్కీ 9.1 ఘనపుటడుగులు, అంటే దాదాపు 258 లీటర్లు. అంత పెద్ద కారుకి అది తక్కువే, అందులోకి దారి ఇంకా ఇరుకు. అదే కమారోకి 1982 నుంచి 2002 వరకు పెద్ద గాజు హ్యాచ్ ఉండేదని గుర్తు చేసుకుంటే నాకు బాధేస్తుంది.

డిక్కీ కూపేల్లో బుద్ధిగా ఆలోచించి చేసినది లేదా అంటే ఉంది. 2012లో వచ్చిన టొయోటా 86, దాని జోడీ సుబారు బీఆర్‌జడ్. ఆ డిక్కీ మూత చిన్నదే. కానీ వెనక సీటు వీపు మొత్తం ఒకే ముక్కగా ముందుకి పడుకుంటుంది, నేల చదునుగా వస్తుంది, నాలుగు చక్రాలు లోపల పడతాయి. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు వేరే టైర్ల సెట్టు తీసుకెళ్ళాలని మొదటి నుంచీ లెక్కలో పెట్టుకునే దాన్ని గీశారు. డిక్కీ పెట్టే ప్రతి కంపెనీ ఇంత శ్రద్ధ చూపిస్తే నేను ఈ రివ్యూ రాయాల్సిన పనే ఉండేది కాదు. ఒకే చిక్కు ఏమిటంటే, సీటు ఒకే ముక్క కాబట్టి పొడవాటి వస్తువు పెడితే వెనక ఒక్క మనిషికి కూడా చోటుండదు.

హ్యాచ్‌కి మారిన మొదటి వారమే తేడా తెలిసింది. అద్దంతో సహా వెనక భాగమంతా పైకి లేస్తుంది. రెండు పెట్టెలూ చేతులతో ఎత్తి పైనుంచి నేరుగా కింద పెట్టేస్తాను. స్టాండ్ల సంచి అడ్డంగా, బూమ్ పోల్ మూలగా సీట్ల మధ్య సందులోకి. ఒకసారి పుస్తకాల అర విడిభాగాలు కూడా తెచ్చాను, అదీ అట్టపెట్టె విప్పకుండా. ముందు చక్రం ఊడదీసిన సైకిల్ పడుతుంది. ఇంత పొట్టి, ఇంత పల్చని కారులోంచి ఇంత సామాను దిగుతుంటే చూసేవాళ్ళు నమ్మరు. డిక్కీ కారు ఉన్నప్పుడు పెద్ద పనులకి టాక్సీ పిలిచేవాణ్ణి. ఇప్పుడు ఆ అవసరం రాలేదు. ఇల్లంతటికీ ఒకే కారు, అదీ కూపేనే అనుకునేవాళ్ళకి ఈ ఒక్క తలుపే ఆ కోరికని సాధ్యం చేస్తుంది.

మరి అందరూ హ్యాచే ఎందుకు పెట్టరు? కారు తెలిసినవాళ్ళు వెంటనే చెప్పే జవాబు బాడీ గట్టిదనం. ఆ మాట అబద్ధం కాదు. అగ్గిపెట్టె తీసుకుని లోపలి అర తీసేసి, ఖాళీ డొల్లని రెండు చేతులతో మెలితిప్పండి. ఇట్టే వంకర పోతుంది. అర లోపల ఉంచి తిప్పితే మొండికేస్తుంది. డిక్కీ కారులో వెనక సీటు వెనక ఉండే ఇనుప గోడ, దాని మీద వెనక అద్దం కింద ఉండే పలక (పార్సిల్ షెల్ఫ్) చేసే పని అదే. హ్యాచ్‌లో ఆ గోడ ఉండదు, పైగా పైకప్పు చివర పెద్ద కన్నం. ఆ లోటు ఎక్కడో ఒకచోట అదనపు ఇనుముతో తీర్చాలి, కాబట్టి బరువు పెరుగుతుంది.

నిస్సాన్ 350జడ్‌లో ఆ తీర్చడం కళ్ళకి కనబడుతుంది. హ్యాచ్ తెరిస్తే ఎదురుగా సామాను చోటుకి అడ్డంగా లావాటి కడ్డీ. బాడీకి మేలే, సూట్‌కేసుకి మాత్రం గోడ. తర్వాత వచ్చిన 370జడ్‌లో దాన్ని సీట్ల వెనక్కి జరిపారు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఐదో తరం షెవర్లే కార్వెట్. 1997లో హ్యాచ్ కూపేగా వచ్చింది. 1999లో అదే కారుకి కదలని పైకప్పు, విడిగా డిక్కీ పెట్టి ఇంకో రూపం తెచ్చారు. అది తేలిక, గట్టి. 2001లో రేసు బుద్ధితో జడ్06 అనే కార్వెట్ రూపం చేసినప్పుడు ఎంచుకున్నది హ్యాచ్‌ని కాదు, ఈ డిక్కీ బాడీనే. 1979 నుంచి 1993 వరకు నడిచిన ఫాక్స్ తరం ఫోర్డ్ మస్టాంగులోనూ రెండు రూపాలుండేవి. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ లాంటి పోలీసు విభాగాలు వాడినవి డిక్కీవే, డ్రాగ్ రేసులవాళ్ళు ఎగబడినవీ అవే. 1994లో కొత్త తరం వచ్చేసరికి మస్టాంగు హ్యాచ్‌ని పూర్తిగా వదిలేసింది, ఇప్పటికీ మళ్ళీ తేలేదు. జపాన్ వైపు చూస్తే 1983 నాటి టొయోటా ఏఈ86 రెండు రూపాల్లోనూ దొరికేది. నిస్సాన్ ఎస్13లో సిల్వియాకి డిక్కీ, 180ఎస్ఎక్స్‌కి హ్యాచ్. డ్రిఫ్ట్ చేసేవాళ్ళ మధ్య ఆ రెండింటి మీద వాదన ఇంకా తెగలేదు.

అయితే ఈ చరిత్రని ఇవాళ కొనేవాళ్ళకి భయం పెట్టడానికి వాడడం నాకు నచ్చదు. 2006లో వచ్చిన తర్వాతి జడ్06కి అల్యూమినియం ఫ్రేము, కదలని పైకప్పు, వెనక హ్యాచ్. రేసు బుద్ధి పోయిందా? లేదు. 2019 సుప్రా హ్యాచ్ కారే. కార్బన్ ఫైబర్‌తో చేసిన లెక్సస్ ఎల్ఎఫ్ఏ కన్నా దీని బాడీ గట్టిదని టొయోటా స్వయంగా చెప్పింది. మంచి ఉక్కు, మంచి జిగురు, కంప్యూటర్ మీద ముందే మెలితిప్పి చూసే వీలు, ఇవన్నీ వచ్చాక పాత కారణం చాలావరకు పలచబడింది. నలభై ఏళ్ళ నాటి బండి కొంటుంటే ఆలోచించండి. కొత్తది కొంటుంటే గట్టిదనం పేరు చెప్పి హ్యాచ్‌ని తోసిపుచ్చకండి.

హ్యాచ్‌కి అసలు ఇబ్బంది వేరే ఉంది, అది నా వృత్తికి దగ్గరది. మోత.

డిక్కీ కారులో వెనక చక్రాలు మనతో ఒకే గదిలో ఉండవు. మధ్యలో సీటు వీపు, గోడ, షెల్ఫ్ ఉంటాయి. హ్యాచ్‌లో చక్రాల గూళ్ళు నేరుగా సామాను చోటులోకి ఉబ్బి ఉంటాయి, ఆ చోటుకీ మన చెవులకీ మధ్య ఏమీ ఉండదు. రెండు కార్లలోనూ సీట్ల మధ్య ఒకే మైకు పెట్టి, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో విన్నాను. డిక్కీ కారు రికార్డింగులో ముందుకి వినిపించింది తలుపు అంచుల దగ్గర గాలి సన్నని ఈల. హ్యాచ్‌లో ఆ ఈల వినబడనే లేదు, దాన్ని మింగేస్తూ కింది స్థాయిలో గుమ్మని ఒక హోరు. గరుకు రోడ్డు రాగానే ఆ హోరు లావెక్కింది. చిన్న రాయి ఎగిరి చక్రం గూటికి తగిలితే అది వీపు వెనకే తగిలినట్టు ఉంది. దీనికి తోడు సామాను చప్పుడు. స్టాండ్ల సంచిలో ఒక్క స్క్రూ వదులైనా దారి పొడవునా వినాలి.

నా కారెక్కినప్పుడు అన్నయ్య అడిగాడు. "ఈ మోతలో నువ్వెలా నడుపుతున్నావురా? నీ చెవులే కదా నీకు అన్నం పెట్టేది."

"సామాను ఎక్కుతుందన్నయ్యా. మోత తగ్గించుకోవచ్చు, నోరు పెద్దది చేసుకోలేం కదా" అన్నాను.

అదే నా వాదన మొత్తం. సామాను నేల మీద మందపాటి రబ్బరు చాప, చక్రాల గూళ్ళ మీద బరువైన డ్యాంపింగ్ షీట్లు, వాటి పైన ఫెల్ట్ వేయించాను. రాళ్ళ టపటపలు, సన్నని మోత బాగా తగ్గాయి. కింది స్థాయి హోరు తగ్గింది గానీ పోలేదు, పోదు కూడా. అంత పెద్ద ఖాళీ గదిని వీపు వెనక పెట్టుకుని కూర్చున్నాక అది ఉంటుంది. దూరప్రయాణం చేసి వెంటనే మిక్సింగుకి కూర్చోవాల్సి వస్తే అన్నయ్య కారు అడుగుతాను. ఆ విషయంలో డిక్కీ గెలిచింది.

ఎండ కూడా డిక్కీ వైపే మాట్లాడుతుంది. హ్యాచ్ కూపే వెనక భాగమంతా వాలు గాజు. ఎండలో ఆపితే నేరుగా సామాను మీద పడుతుంది. బ్యాటరీల బ్యాగు నేను కారులో వదలను, కండెన్సర్ మైకులు అసలే వదలను. డిక్కీలో కూడా వేడి ఉంటుంది గానీ ఎండ నేరుగా తగలదు. పైగా గాజులోంచి సామాను అందరికీ కనిపిస్తుంది. సామాను మీద కప్పే పరదా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, పెట్టె దాని ఎత్తు దాటనంత వరకే. కాబట్టి హ్యాచ్ కొనేవాళ్ళు పరదాని అదనపు అలంకారంలా చూడకండి. అది గట్టిగా బిగుసుకుంటోందా, ఊడదీస్తే ఎక్కడ దాచాలి, చూసుకోండి. నేనైతే నల్లటి మందపాటి గుడ్డ విడిగా కుట్టించి సామాను మీద కప్పుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. హ్యాచ్ కూపేలో సామానుకీ మీ తలకీ మధ్య చాలాసార్లు గోడ లేదు. గట్టిగా బ్రేకు కొడితే బరువైన పెట్టె ఆగదు. నేల కొక్కేలకి పట్టీలు బిగించకుండా నేను బండి కదపను. కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ కొక్కేలు లాగి చూడండి, ఇనుప ఉంగరాలా, ఉత్తి ప్లాస్టిక్ ముక్కలా అని.

గ్యాస్ స్ట్రట్‌ల (హ్యాచ్‌ని ఎత్తి పట్టే గ్యాస్ నింపిన కడ్డీల) గురించి ఒక్క మాట. గాజు హ్యాచ్ బరువైనది. దాన్ని పైన నిలబెట్టేది ఆ రెండు స్ట్రట్‌లే, వాటికి వయసైపోతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే హ్యాచ్‌ని సగం ఎత్తి మెల్లగా చేయి వదలండి, కిందకి జారితే మార్చాల్సిందే. మార్చడం పెద్ద పనేం కాదు.

ఇక వెనక మనుషులు కూర్చునే కూపే అయితే నా తీర్పు మారుతుంది. నాలుగు సీట్ల హ్యాచ్ కూపేల్లో వెనక కూర్చున్నవాళ్ళ తల సరిగ్గా గాజు కింద ఉంటుంది. ఎండ నడినెత్తి మీద, హ్యాచ్ వేసేటప్పుడు తల వంచుకోవాలి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టేవాళ్ళు 2 సిరీస్ లాంటి డిక్కీ కూపేనే తీసుకోవాలి. మోత తక్కువ, నీడ ఎక్కువ, సామాను మీద పడదు. వెనక సీటు పేరుకి మాత్రమే ఉన్న కార్లలో, అసలు లేని కార్లలో డిక్కీ పెట్టడం నాకు అర్థం కాదు. వెనక ఎవరూ లేనప్పుడు ఆ గోడ ఎవరిని కాపాడుతోంది?

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. 1953లోనే ఆస్టన్ మార్టిన్ డీబీ2/4 వెనక అద్దంతో సహా పైకి లేచే తలుపు పెట్టింది. 1961 జాగ్వార్ ఈ-టైప్ కూపేకి వెనక తలుపు పక్కకి తెరుచుకునేది. 1965లో హ్యాచ్‌తో ఎంజీబీ జీటీ వచ్చింది. ఎంత మామూలు సామాను మోస్తుందో, చూడ్డానికి అంత అందంగా ఉండేది. మరోవైపు 1963 కార్వెట్ కూపే చూడండి. అంత అందమైన బాడీకి వెనక అసలు తలుపే లేదు. పెట్టె సీట్ల వెనక నుంచి లోపలికి తోసుకోవాల్సిందే. 1978లో కార్వెట్‌కి పెద్ద వెనక గాజు వచ్చింది గానీ అదీ తెరుచుకోదు. 1982 కలెక్టర్ ఎడిషన్‌లో గాని ఆ గాజు పైకి లేవలేదు. అన్నేళ్ళు సీట్ల మీదుగా సామాను లాగినవాళ్ళ నడుముల గురించి నాకు బాగా తెలుసు, నేనూ ఆ పని చేసినవాణ్ణే.

2025లో వచ్చిన కొత్త హోండా ప్రెలూడ్ చూసి సంతోషించాను. 1978 నుంచి 2001 వరకు వచ్చిన ఐదు తరాలకీ డిక్కీ. ఆరో తరానికి హ్యాచ్. కూపేని రోజూ వాడుకునే వస్తువుగా చూసే చోట తలుపు పెద్దదవుతుంది, నాకు కావాల్సింది అదే.

నా తర్వాతి కారు కూడా హ్యాచే. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. సీట్ల వెనక, అవసరమైనప్పుడు పైకి లేపి గొళ్ళెం పెట్టుకునే గట్టి అడ్డుపలక ఒకటి ఇవ్వండి. సామాను లేనప్పుడు దాన్ని నిలబెట్టుకుంటాం, కాస్త మోత ఆగుతుంది. చిన్న సామాను ఉన్నప్పుడు కూడా నిలబెడతాం, బ్రేకు కొడితే అది వీపు మీదకి రాదు. పొడవాటి బూమ్ పోల్ పెట్టాల్సిన రోజు పడుకోబెడతాం. ఆ పలక వల్ల పెరిగే కొద్ది కిలోల బరువు నాకు అభ్యంతరం లేదు.